మున్సిఫ్ కుర్చీ నుంచి జిల్లా జడ్జి కుర్చీ దాకా
(మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల న్యాయస్థానాల కథ)



ఏటా ఈ సంచికలో మన పెద్దల చరిత్రనో, పాత కట్టడాల చరిత్రనో చదువుకుంటున్నాము. ఈసారి ఒక కుర్చీ చరిత్ర చెప్పాలని సంకల్పించాను. అది నవాబు కూర్చున్న కుర్చీ కాదు, మంత్రి కూర్చునే కుర్చీ అసలే కాదు. కేసును మొట్టమొదట విని, సాక్షిని ఎదురుగా నిలబెట్టుకొని, కాగితం చూసి, ఇది నిజం, ఇది అబద్ధం అని తేల్చే జడ్జిగారి కుర్చీ. సుప్రీంకోర్టు జడ్జీల పేర్లు పేపర్లలో చదువుతాము. కాని బీదవాడి బతుకులో వెలుగైనా చీకటైనా ముందు ఈ కింది కోర్టులోనే తేలుతుంది. ఆ కుర్చీలోకి మనిషి ఎట్లా వస్తాడు? ఎవరు కూర్చోబెడతారు? ఒకసారి కూర్చున్నాక ఎవరికి జవాబు చెప్పాలి? ఈ మూడు ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబు చెప్పటమే ఈ వ్యాసం.

బందగీ దావా

కథ మన ఇంటి దగ్గరి నుంచే మొదలుపెడదాం. జనగామ నుంచి సూర్యాపేట పోయే దారిలో, దేవరుప్పుల దగ్గర కామారెడ్డిగూడెం ఉంది. ఆ ఊరి సామాన్య రైతు షేక్ బందగీ. ఆ రోజుల్లో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి చెప్పుచేతల్లో ఉండేవి. గడీలో చెప్పిందే చట్టం. ఎవని భూమి ఎప్పుడు ఎవని పేరు మీదికి మారుతుందో ఎవరికీ తెలియని కాలం.

బందగీ భూమికి తగాదా వచ్చింది. ఆయన దాయాదే దేశ్‌ముఖ్ కొలువులో ఉండి ఆయన పక్షం చేరాడు. గడీకి పోయి కాళ్లు పట్టుకొమ్మని సలహా చెప్పినవాళ్లు ఎంతమందో ఉండి ఉంటారు. బందగీ గడీకి పోలేదు, కోర్టుకు పోయాడు. వకీలును పెట్టుకొని, వాయిదా వాయిదాకు తిరిగి, ఏళ్ల తరబడి దావా నడిపించాడు. చివరికి తీర్పు ఆయన పక్షాన వచ్చింది! సామాన్య రైతు దేశ్‌ముఖ్ మీద కోర్టులో గెలవటం ఆ రోజుల్లో చిన్న మాట కాదు. పల్లెపల్లెకూ ఆ వార్త పాకింది.

గడీ ఆ తీర్పును ఓర్చుకోలేదు. 1940లో దారి కాచి బందగీని నరికి చంపారు. ఊరి దగ్గర ఆయన సమాధి ఉంది. కులం, మతం చూడకుండా జనం అక్కడికి పోయి దండం పెట్టుకుంటారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు 1947లో రాసిన ‘మా భూమి’ నాటకానికి ఈ బందగీ కథే ప్రేరణ. ఆ తరువాత అదే దేవరుప్పుల ప్రాంతంలోని కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పాలకుర్తి చాకలి ఐలమ్మ (1895–1985) పొలం తగాదా కూడా అదే దేశ్‌ముఖ్‌తోనే. ఆ తరువాతి పోరాటమంతా మీకు తెలిసిందే.

బందగీని అందరూ తలుచుకుంటారు. అది న్యాయమే. అయితే ఈ కథలో ఇంకొక మనిషి ఉన్నాడు. దేశ్‌ముఖ్ మాటకు ఎదురులేని రోజుల్లో, కాగితాలు చూసి, సాక్ష్యం విని, భూమి బందగీదే అని సంతకం పెట్టిన జడ్జి. ఆయన ఆ సంతకం ఎట్లా పెట్టగలిగాడు? దేశ్‌ముఖ్ ఆయనను ఎందుకు బదిలీ చేయించలేకపోయాడు, ఎందుకు కొనలేకపోయాడు? ఒక్క మనిషి మంచితనం మీదనే అంతా నిలబడలేదు. ఆ కుర్చీకి ఒక ఏర్పాటు ఉంది. ఆ ఏర్పాటు ఎట్లా వచ్చిందో ఇక చూద్దాం.

సాలార్‌జంగ్ వేసిన పునాది

మొదటి సాలార్‌జంగ్ 1853లో దివాన్ అయ్యేనాటికి హైదరాబాదు రాజ్యంలో కోర్టులు లేవని కాదు, ఉన్నాయి. పట్నంలో కాజీ, ముఫ్తీ ఉన్నారు. కాని జిల్లాలలో పన్ను వసూలు చేసేవాడే తీర్పూ చెప్పేవాడు. నీ దగ్గర శిస్తు గుంజేవాడి మీదనే ఫిర్యాదు ఉంటే, ఆ ఫిర్యాదును ఆయనకే ఇచ్చుకోవాలన్నమాట!

సాలార్‌జంగ్ 1865లో జిల్లాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టాడు. 1868లో సదర్-ఉల్-మహాములనే మంత్రులను పెట్టి, అందులో ఒకరికి న్యాయశాఖ అప్పగించాడు. జీతం మీద పనిచేసే ఉద్యోగస్తులు వచ్చారు. కింద మున్సిఫ్, ఆ పైన జిల్లా అదాలత్ నాజిమ్, ఆ పైన సదర్ అదాలత్, అన్నిటికీ మీద పట్నంలో పెద్ద కోర్టు. ఇట్లా మెట్లు మెట్లుగా ఏర్పడింది. పట్నపు పెద్ద కోర్టును ఆ తరువాత అదాలతుల్ ఆలియా అన్నారు.

తన మనుషులలో సరిపోయినవాళ్లు దొరకకపోతే సాలార్‌జంగ్ బయటి నుంచి చదువుకున్నవాళ్లను పిలిపించేవాడు. అట్లా పిలిపించినవాళ్లలో ఒకరి జీవితం మన పిల్లలు చదవదగింది. ఆయన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కుమారుడు సయ్యద్ మహమూద్. 1850లో పుట్టాడు. ఇంగ్లండు పోయి కేంబ్రిడ్జిలో చదివి, లింకన్స్ ఇన్‌లో బారిస్టరై, 1872లో తిరిగి వచ్చి అలహాబాదు హైకోర్టులో వకీలుగా చేరాడు. 1879లో అవధ్ ప్రాంతంలో జిల్లా జడ్జి ఉద్యోగమిచ్చారు. రాయబరేలీలో పనిచేశాడు. తెల్లదొరలు తప్ప ఇంకొకరు కూర్చోని కుర్చీలో ఒక భారతీయుడు కూర్చోవటం అప్పట్లో వింత. 1881లో సాలార్‌జంగ్ ఆయనను హైదరాబాదుకు రప్పించి, ఇక్కడి న్యాయశాఖను బాగుచేయటానికి సాయం తీసుకున్నాడు. 1882లో ఆయన అలహాబాదు హైకోర్టులో తాత్కాలిక జడ్జి, 1887లో పర్మనెంటు జడ్జి అయ్యాడు. ఉత్తరోత్తరా ప్రధాన న్యాయమూర్తితో పడక 1893లో పదవి వదులుకున్నాడు. 1903లో కాలం చేశాడు. ఆయన ప్రయాణం జిల్లా కోర్టు కుర్చీ నుంచే మొదలైందని మనవి.

1921 ఫర్మానా

కోర్టులైతే పెట్టారు కాని, తాలూక్‌దారు (ఇప్పటి కలెక్టరుకు అప్పటి పేరు), తహసీల్‌దారు చేతుల్లో తీర్పు చెప్పే అధికారం ఇంకా చాలాకాలం మిగిలే ఉంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఈ ముడి విప్పారు. 1920 ఏప్రిల్ 20న మూసీ ఒడ్డున ఎర్రరాతి హైకోర్టు భవనం ప్రారంభమైంది. ఆ మరుసటి ఏడాది, 1921లో, న్యాయశాఖను పరిపాలనశాఖ నుంచి వేరు చేస్తూ ఫర్మానా వెలువడింది. ఇకమీదట శిస్తు వసూలు చేసేవాడు వేరు, తీర్పు చెప్పేవాడు వేరు.

ఇది ఎంత పెద్ద మాటో గమనించండి. ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలోని జిల్లాలలో కలెక్టరే మెజిస్ట్రేటుగా ఉన్న రోజులవి. ఈ రెంటినీ వేరుచేయమని కాంగ్రెసు ఏళ్ల తరబడి తీర్మానాలు చేస్తుండేది. దేశమంతటా మెజిస్ట్రేటు పని పూర్తిగా జడ్జీల చేతికి వచ్చింది 1974 ఏప్రిల్ 1న, కొత్త క్రిమినల్ ప్రొసీజరు కోడు అమలుతో. హైదరాబాదు రాజ్యం ఆ దారిలో యాభై ఏళ్ల ముందే అడుగు వేసింది. రాజరికంలో లోపాలు వెయ్యి ఉండవచ్చు. జాగీర్లు, గడీలు ఆ ఫర్మానా కింద చల్లగా ఉండిపోయిన మాటా నిజమే. అయినా దేశ్‌ముఖ్‌కు ఎదురుగా తీర్పు రాసే మున్సిఫ్ కుర్చీ తాలూక్‌దారు కుర్చీ కింద లేదు. బందగీ దావాకు వెనకనున్న ఏర్పాటు అదే.

కోర్టు భాష కూడా ఈ కాలంలోనే స్థిరపడింది. 1880ల మధ్యలో ఫార్సీ పోయి ఉర్దూ వచ్చింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనాక ఇక్కడి పిల్లలు న్యాయశాస్త్రం కూడా ఉర్దూలోనే చదివారు. దారుల్ తర్జుమాలో పుస్తకాలన్నీ తర్జుమా చేయించారు. ఆ చదువు చదివిన హిందువులు, ముస్లింలు అందరూ ఉర్దూలోనే వాదించారు, ఉర్దూలోనే తీర్పులు రాశారు.

ఆ భాష పోయిందనుకుంటాము గాని ఎక్కడికీ పోలేదు. జనగామ కోర్టు ముందర చెట్టు కింద ఒక్క గంట కూర్చోండి. వకీలు, వకాల్తా, దావా, ఫిర్యాదు, వాయిదా, హాజరు, జామీను, జప్తు, రాజీ, నకలు, దస్తావేజు, తకరారు, అమీను, నాజరు, జవాబు, మంజూరు. తెలుగు రైతు నోట దొర్లే ఈ మాటలన్నీ ఆ కచేరీల నుంచి వచ్చినవే. అందులో ‘ముద్దాయి’ మాట తమాషా చూడండి. అరబీలోనూ ఉర్దూలోనూ ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగులోకి వచ్చేసరికి నేరం మోపబడ్డవాడయ్యాడు! కోర్టుకు ఎక్కినవాడు ఎవడైనా సరే జనం దృష్టిలో ముద్దాయే అయ్యాడేమో, పాపం.

రాజ్యాంగం వచ్చినాక

1948 సెప్టెంబరులో పోలీసు చర్య, 1949లో జాగీర్ల రద్దు, 1950 జనవరి 26న రాజ్యాంగం. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే గుంటూరులో ఉన్న ఆంధ్ర హైకోర్టు హైదరాబాదుకు వచ్చి కలిసింది. కింది కోర్టుల్లో ఉర్దూ తగ్గి ఇంగ్లీషు, తెలుగు పెరిగినాయి. జీవితమంతా ఉర్దూలో వాదించిన వకీళ్లకు నడివయసులో కొత్త భాష నేర్వవలసి వచ్చింది. కొందరు నేర్చుకొని నిలబడ్డారు. కొందరు నల్లకోటు మడిచి పెట్టెలో పెట్టారు. వాళ్లతోపాటే వాళ్ల ఇళ్లలో న్యాయశాస్త్రం చదివే అలవాటు కూడా పెట్టెలోకే పోయింది. మన కుటుంబాలు ఈ రంగానికి దూరమైన కారణాలలో ఇది ఒకటని నా అభిప్రాయం.

ఇక జడ్జీల నియామకం సంగతి. రాజ్యాంగం 233వ అధికరణం ప్రకారం జిల్లా జడ్జిని గవర్నరు నియమిస్తాడు, అయితే హైకోర్టును సంప్రదించి. సర్వీసులో లేని మనిషైతే కనీసం 7 సంవత్సరాలు వకీలుగా ఉండాలి, హైకోర్టు సిఫారసు ఉండాలి. 234వ అధికరణం అంతకు కింది జడ్జీల సంగతి చెబుతుంది. 235వ అధికరణం కింది కోర్టుల మీద అదుపు హైకోర్టుకే ఇచ్చింది. బదిలీలు, పదోన్నతులు, సెలవులు, క్రమశిక్షణ అంతా హైకోర్టు చేతిలోనే. అంటే జనగామలో కూర్చున్న జడ్జిని ఎమ్మెల్యే బదిలీ చేయించలేడు, కలెక్టరు పిలిచి మందలించలేడు. నియామకం కాగితం మీద గవర్నరు పేరుంటుంది, పగ్గం మాత్రం హైకోర్టు చేతిలో ఉంటుంది.

ఈ మాటకు ప్రభుత్వాలు మొదట్లో అంత తేలికగా లొంగలేదు. ఉత్తరప్రదేశ్‌లో పరిపాలనశాఖలో పనిచేసే అధికారులను కూడా జిల్లా జడ్జీలుగా తీసుకునే నియమాలు చేశారు. ఎంపిక చేసేది ఒక కమిటీ. 1966లో చంద్రమోహన్ కేసులో సుప్రీంకోర్టు ఆ నియమాలు చెల్లవన్నది. సంప్రదించవలసింది హైకోర్టును, కమిటీని కాదు. న్యాయసర్వీసంటే న్యాయం చెప్పే సర్వీసే, రెవెన్యూ కచేరీలో కూర్చున్నవాళ్లకు ఆ పేరు తగదు అని తీర్పు. అయితే అప్పటికే అట్లా వచ్చిన జడ్జీలు ఇచ్చిన తీర్పుల గతేమిటి? ఆ చిక్కు తీర్చటానికి అదే ఏడాది డిసెంబరులో 20వ సవరణ చేసి 233-ఎ చేర్చారు. 1921లో మన దగ్గర ఫర్మానాతో చెప్పిన మాటను 1966లో సుప్రీంకోర్టు రాజ్యాంగం పేరున చెప్పిందన్నమాట.

ఒక ఆడపిల్ల ఎక్కిన మెట్లు

ఈ మెట్లన్నీ ఒక్కొక్కటే ఎక్కి చివరిదాకా పోయినవాళ్లున్నారా అంటే, ఉన్నారు. దక్షిణాదిన కేరళకు చెందిన ఎం. ఫాతిమా బీవీ గారి సంగతి మన ఇళ్లలో ఆడపిల్లలకు తప్పక చెప్పవలసింది.

1927 ఏప్రిల్ 30న పత్తనంతిట్టలో పుట్టింది. తండ్రి మీరా సాహెబ్ ప్రభుత్వోద్యోగి. ఆమె రసాయనశాస్త్రంలో డిగ్రీ చదివింది. పై చదువు కూడా అందులోనే చదువుదామనుకుంటే తండ్రి లా చదవమన్నాడు. కారణమేమంటే, 1937లోనే తిరువాన్కూరు సంస్థానంలో అన్నా చాందీ గారు మున్సిఫ్‌గా నియమితురాలై పేరు తెచ్చుకున్నారు. ఒక ఆడమనిషి జడ్జి కాగలిగినప్పుడు నా బిడ్డ ఎందుకు కాకూడదని ఆ తండ్రి ఆలోచన. బీవీ గారు 1950లో బార్ కౌన్సిల్ పరీక్షలో మొదటి స్థానం తెచ్చుకొని, ఆ ఏడాది నవంబరులో కొల్లంలో ప్రాక్టీసు మొదలుపెట్టారు.

ఆ తరువాతి మెట్లు లెక్కపెట్టండి. 1958లో మున్సిఫ్. 1968లో సబార్డినేట్ జడ్జి. 1972లో చీఫ్ జుడీషియల్ మెజిస్ట్రేటు. 1974లో జిల్లా, సెషన్స్ జడ్జి. 1980లో ఆదాయపు పన్ను అప్పిలేటు ట్రిబ్యునల్ సభ్యురాలు. 1983లో కేరళ హైకోర్టు జడ్జి. 1989 ఏప్రిల్‌లో అక్కడ రిటైరై, ఇంట్లో కూర్చున్నదనుకునే వేళకు, అదే ఏడాది అక్టోబరు 6న సుప్రీంకోర్టు జడ్జి! దేశంలో సుప్రీంకోర్టు మెట్లెక్కిన మొట్టమొదటి మహిళా న్యాయమూర్తి ఆమెనే. 1992లో పదవీ విరమణ చేశారు. తరువాత 1997 నుంచి 2001 దాకా తమిళనాడు గవర్నరు. 2023 నవంబరు 23న కన్నుమూశారు.

మున్సిఫ్ నుంచి జిల్లా జడ్జి కావటానికి ఆమెకు పదహారేళ్లు పట్టింది. ఊరూరా బదిలీలు, పాత బిల్డింగులు, కుప్పలు కుప్పల ఫైళ్లు. పేపర్లో పేరు రాని పదహారేళ్లు. ఆ పదహారేళ్లే ఆమెను పై కోర్టుకు తయారుచేసినాయని నేననుకుంటాను.

మన రాష్ట్రంలోనూ ఉదాహరణ లేకపోలేదు. జస్టిస్ సయ్యద్ షా మొహమ్మద్ ఖాద్రీ గారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా ఉండి, 1997లో సుప్రీంకోర్టుకు వెళ్లి, 2003 దాకా పనిచేశారు.

అమెరికాలో ఎట్లా?

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉంటున్నారు గనుక అక్కడి పద్ధతీ రెండు ముక్కల్లో చెబుతాను. అక్కడ రాష్ట్రాల కోర్టులు వేరు, కేంద్రం కోర్టులు వేరు. కేంద్రం కింది కోర్టును ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టంటారు. అట్లాంటి జిల్లాలు 94 ఉన్నాయి. అక్కడ జడ్జి కావటానికి పరీక్ష లేదు. ప్రెసిడెంటు పేరు ప్రతిపాదిస్తాడు. సెనేటు కమిటీ ఆ మనిషిని అందరి ముందర కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తుంది. ఆ పిమ్మట సెనేటులో ఓటు. గెలిస్తే జీవితాంతం ఆ పదవి. అభిశంసనతో తప్ప ఎవరూ తొలగించలేరు.

2021 జూన్ 10న జాహిద్ ఖురైషీ అనే ఆయనను న్యూజెర్సీ ఫెడరల్ జిల్లా జడ్జిగా సెనేటు 81–16 ఓట్లతో ఖాయం చేసింది. పాకిస్తాన్ నుంచి వలసపోయిన కుటుంబం బిడ్డ. సైన్యంలో న్యాయాధికారిగా ఇరాక్ పోయి వచ్చాడు. తరువాత ప్రభుత్వ ప్రాసిక్యూటరు, 2019లో మెజిస్ట్రేటు జడ్జి, అక్కడి నుంచి ఈ పదవి. ఆ దేశంలో ఫెడరల్ జిల్లా జడ్జి అయిన తొలి ముస్లిం ఆయన. 2023 జూన్‌లో నుస్రత్ చౌదరి అనే ఆమె న్యూయార్కులో ఆ పదవి పొందిన తొలి ముస్లిం మహిళ అయ్యారు. ఆమెకు వచ్చిన ఓట్లు 50–49, ఒక్క ఓటు తేడా.

రెండు పద్ధతులూ చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. అక్కడ కింది కోర్టు జడ్జి కావాలన్నా రాజకీయం గడప దాటి పోవాలి. ఇక్కడ మాత్రం పరీక్ష హాలు గడప దాటితే చాలు. రిక్షా తొక్కేవాని కొడుకైనా, టైలరు బిడ్డ అయినా, ఎవరి ఇంటి ముందూ నిలబడకుండా పుస్తకం చదివి మున్సిఫ్ కావచ్చు. ఈ అదృష్టాన్ని మనం సరిగా గుర్తించలేదని నా బాధ.

గడప ముందుకు వచ్చిన కోర్టు

ఇప్పుడు మళ్లీ మన ఊళ్లకు వద్దాం. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా విడిపోయి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు వేరుగా ఏర్పడినాయి. మహబూబాబాదులో ఖమ్మం వైపు గార్ల, బయ్యారం కలిశాయి. భూపాలపల్లిలో కరీంనగర్ వైపు మహాదేవపూర్, కాటారం కలిశాయి. 2019 ఫిబ్రవరి 17న ములుగు భూపాలపల్లి నుంచి విడిపోయింది. 2019 జనవరి 1 నుంచి తెలంగాణకు ప్రత్యేక హైకోర్టు వచ్చింది.

అయినా జిల్లా కోర్టు పని మాత్రం వరంగల్‌లోనే ఉండేది. హన్మకొండలో ఆ చోటును ఇప్పటికీ జనం ‘అదాలత్’ అనే పిలుస్తారు. ఆ పక్కనే సుబేదారి, అదీ పాత సూబా జ్ఞాపకమే. మానుకోట మనిషి పొద్దున బండెక్కి కాజీపేటలో దిగి, అక్కడి నుంచి అదాలత్‌కు పోయేవాడు. మహాదేవపూర్ మనిషి చీకటితో లేచి అడవి దారి పట్టి బస్సులో పోవాలి. పోయినాక, ఈ రోజు కేసు పిలవలేదు, వాయిదా పడింది అంటే, కూలి పోయె, చార్జీ పోయె, రాత్రికి ఇల్లు చేరుడు. ఈ కష్టం పడని ఇల్లు ఉందా మన దగ్గర?

2022 జూన్ 2న, తెలంగాణ ఏర్పడిన రోజునే, కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులను అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ గారు ప్రారంభించారు. అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు గారు ఆ సభలో ఉన్నారు. ఆనాటి నుంచి జనగామకు, మహబూబాబాదుకు, భూపాలపల్లికి ఎవరి జిల్లా, సెషన్స్ జడ్జి వారికే వచ్చారు. భూమి అప్పీలైనా, ఖూనీ కేసైనా ఆ ఊళ్లోనే వింటారు. బందగీ కామారెడ్డిగూడెం ఇప్పుడు జనగామ జిల్లా కోర్టు కిందనే ఉంది.

మెట్లు ఇవీ

జడ్జి ఉద్యోగం ఎట్లా దొరుకుతుందని అడిగే పిల్లల కోసం సంక్షిప్తంగా రాస్తున్నాను.

మొదటి మెట్టు జూనియర్ సివిల్ జడ్జి. వెనకటి మున్సిఫ్ మెజిస్ట్రేటే. హైకోర్టు నోటిఫికేషను ఇస్తుంది. మొదట ఏరివేత పరీక్ష, తరువాత రాత పరీక్ష, చివర ముఖాముఖి. రెండో మెట్టు సీనియర్ సివిల్ జడ్జి. మూడోది జిల్లా జడ్జి.

జిల్లా జడ్జి కుర్చీకి మూడు దారులున్నాయి. 2002లో అఖిల భారత న్యాయమూర్తుల సంఘం కేసులో సుప్రీంకోర్టు ఈ వాటాలు చెప్పింది. సగం పోస్టులు కింది నుంచి పదోన్నతి మీద, 25 శాతం సర్వీసులో ఉన్నవాళ్లకే పెట్టే పోటీ పరీక్ష మీద, మిగిలిన 25 శాతం వకీళ్ల నుంచి నేరుగా. నడిమి వాటాను 2010లో 10 శాతానికి తగ్గించి, 2025లో మళ్లీ 25 చేశారు.

కొత్తగా చదివి వచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 2002 తీర్పు తరువాత ప్రాక్టీసు లేకుండానే, లా పూర్తికాగానే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాసే వీలు కలిగింది. 2025 మే 20న సుప్రీంకోర్టు ఆ వీలు తీసివేసి, కనీసం 3 సంవత్సరాలు వకీలుగా పనిచేసి ఉండాలన్నది. కోర్టు హాలు మొహం చూడని పిల్లవాడు జడ్జి కుర్చీలో కూర్చుంటే తనకూ కష్టం, కక్షిదారుకూ కష్టం అన్నది దాని సారాంశం. 2025 అక్టోబరు 9న మరొక తీర్పులో, వకీలుగా చేసిన ఏళ్లు, జడ్జిగా చేసిన ఏళ్లు కలిపి 7 అయితే, సర్వీసులో ఉన్నవాళ్లు కూడా జిల్లా జడ్జి నేరు నియామకానికి పోటీపడవచ్చన్నారు. నోటిఫికేషను వెలువడినప్పుడు ఆనాటి నియమాలు జాగ్రత్తగా చదువుకొని దరఖాస్తు చేయండి.

ఇంకొక మాట సూటిగా చెప్పాలి. తెలంగాణ జడ్జీల సర్వీసుకు తెలుగు రావాలి. పరీక్షలో తెలుగు, ఇంగ్లీషు తర్జుమా ఉంటుంది. ఉర్దూ మన ఇంటి భాష, 2017 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష కూడా. దానిని వదులుకొమ్మని నేనెన్నడూ చెప్పను. కాని మన పిల్లలు బజార్లో తెలుగు గడగడ మాట్లాడతారు, ఒక అర్జీ రాయమంటే తడబడతారు. పొలం పహాణీ చదవలేనివాడు రైతు కేసు ఎట్లా తేలుస్తాడు? వెనకటి తరంలో హిందూ వకీళ్లు ఉర్దూ నేర్చి ఉర్దూలో వాదించారు. ఈ తరంలో మన పిల్లలు తెలుగు నేర్చి తెలుగులో తీర్పు రాయలేరా?

చివరి మాట

ఇదంతా చదివి, మనవాడొకడు జడ్జి అయితే మన పనులు అవుతాయి అని ఎవరైనా అనుకుంటే ఈ వ్యాసం రాసిన శ్రమ వృథా. బందగీ దావాను మళ్లీ తలుచుకోండి. ఆయన మీద నిలబడినవాడు పరాయివాడా? సొంత దాయాది, అదే ధర్మంవాడు. ఆయన వెంట కన్నీరు పెట్టినవాళ్లు? అన్ని కులాల రైతులు. ఆ రోజు జడ్జి మతం చూసి తీర్పు రాస్తే ఎవరికి రాయాలి? ఆయన కాగితం చూసి రాశాడు. మనకు కావలసింది మనవాడైన జడ్జి కాదు. ఎవరివాడూ కాని జడ్జి. అటువంటి జడ్జీలు అన్ని ఇళ్ల నుంచీ రావాలి. మన ఇళ్ల నుంచి కూడా రావాలి.

తీర్పు వచ్చినా బందగీ ప్రాణం దక్కలేదన్నది నిజమే. మరి కోర్టు ఎందుకని కొందరు అడుగుతారు. నా జవాబు ఒకటే. ఆ తీర్పు రాకపోయి ఉంటే బందగీ భూమి దొంగ అని గడీ చాటింపు వేసేది, జనం నమ్మేవాళ్లు. తీర్పు ఉండబట్టే, ఎవడు దొంగో, ఎవడు హక్కుదారో లోకానికి తెలిసిపోయింది. తరువాత ఆరేళ్లకు ఊళ్లు ఊళ్లే లేచినప్పుడు ఆ నిజం వాళ్ల వెనక నిలబడింది.

కాబట్టి తల్లిదండ్రులకు నా విన్నపం. పదో తరగతి పాస్ కాగానే పిల్లవాణ్ని గల్ఫుకు పంపే లెక్కలు వేసేటప్పుడు, ఈ లెక్క కూడా ఒకసారి వేయండి. ఇంటరు తరువాత 5 సంవత్సరాల లా చదువు, 3 సంవత్సరాలు జనగామ కోర్టులోనో మానుకోట కోర్టులోనో ఒక సీనియరు దగ్గర నల్లకోటు. ఎనిమిదేళ్లు ఓపిక పడితే మీ బిడ్డ పరీక్ష హాలు ముందు నిలబడుతుంది. ఆడపిల్ల అని వెనకాడవద్దు, మీరా సాహెబ్ వెనకాడలేదు. పుస్తకాలకు, ఫీజులకు ఇబ్బందైతే సొసైటీ పెద్దలతో చెప్పండి, నలుగురం కలిసి ఆలోచిద్దాం.

ఈసారి కామారెడ్డిగూడెం మీదుగా పోయేటప్పుడు బస్సులోంచి బందగీ సమాధి వైపు ఒకసారి చూడండి. పక్కన పిల్లలుంటే ఆయన కథ చెప్పండి. ఆయన పక్షాన తీర్పు రాసిన జడ్జి సంగతి కూడా మరవకుండా చెప్పండి.